పైడమ్మ గురువారం

తెరమీద ఏడు పేర్లు ఒకదాని కింద ఒకటి నిలబడి ఉన్నాయి. గురువారం మొదలు బుధవారం దాకా, రోజుకొకటి. అన్నిటికంటే పైనున్న గురువారం పక్కన మాత్రం ఎర్రటి అంకెలు తగ్గుతూ పోతున్నాయి. ఇంకా తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు.

"అవి అయిపోతే నా గురువారం ఏమవుతాదమ్మా?" అని పైడమ్మ అడిగింది.

"చెరిగిపోతుంది పెద్దమ్మా. ఎనిమిదోది పుట్టగానే పాతది పోతుంది," అంది ఇంజినీరు హిమజ.

పైడమ్మ ఆ పిల్ల ముఖంలోకి అదోలా చూసింది. సభేమో రేపు పొద్దున. సాక్ష్యమేమో ఈ రాత్రికే చెరిగిపోతుందట. ఇంత చక్కగా ఎలా కుదిరింది?

గెడ్డవలస కాలవ కింద ఏడు కుటుంబాలున్నాయి. వారంలో తలా ఒకరోజు నీళ్ల వంతు. నిన్నమొన్నటి దాకా లస్కరు నూకయ్య రాత్రీ పగలూ గట్టుమీదే ఉండి గేట్లు ఎత్తి దించేవాడు. కిందటి బుధవారం ఆయన్ని ఇంటికి పంపేసి జలసాక్షి అనే యంత్రాన్ని పెట్టారు. బియ్యపుగింజంత చెవులు కాలవ పొడవునా, మడిమడిలోనూ నాటారు. నీరు ఎటు కదిలినా వాటికి వినపడుతుంది. గేటు దగ్గర బొటనవేలు ఆనిస్తే తలుపు లేస్తుంది. జలసాక్షి ఎవరినీ ఆపదు, ఎవరినీ తిట్టదు. ఎవరి వేలు, ఏ వేళప్పుడు, ఎంత నీరు అన్నది గీత తర్వాత గీతగా రాసుకుంటూ పోతుంది. ఆ రాతనే లాగ్ ఫైల్ అంటారు. ఆపకుండా ఒకే ఫైల్లో రాస్తే, పోస్తూనే ఉన్న గాదెలాగ అది నిండిపోయి యంత్రం మొత్తం నిలిచిపోతుంది. అందుకని హిమజ దానికో పద్ధతి పెట్టింది. రోజూ రాత్రి పన్నెండుకి ఆనాటి ఫైలు మూసి కొత్తది తెరవాలి. ఏడు ఉంచాలి. ఎనిమిదోది రాగానే పాతది పారేయాలి.

ఆ పద్ధతే పైడమ్మ పీకలమీదికొచ్చింది. శుక్రవారం వంతు దాలినాయుడిది. అతను తన రోజు ఫైలు చూస్తే, మొదటి గీతలోనే గేటు ఎత్తి ఉంది, వేలు పైడమ్మది. తెల్లవారు ఆరు కావస్తుండగా గాని దించలేదు. దొంగనీరని ఊరంతా చెప్పాడు. అదే తేలితే మూడు వంతులు కోత. పైడమ్మ వరి పొట్టమీదుంది. మూడు వారాలు నీరు తగలకపోతే గింజ పాలు పోసుకోదు, కోతకి తాలే మిగులుతుంది. ఈ తగువు తేల్చే సభ గురువారం పెడదామన్నదీ నాయుడే.

"నాయుడింట్లో టీ బావుంటాదా అమ్మా?" అంది పైడమ్మ మెల్లిగా.

హిమజకి అర్థమయ్యేసరికి కొంచెం సేపు పట్టింది. "రెండుసార్లు తాగాను పెద్దమ్మా. పన్నెండని పెట్టింది మాత్రం ఈ ఊళ్లో కాలు పెట్టకముందే." అని, గురువారం ఫైలు తెరిచి ఆమెవైపు తిప్పింది.

పొద్దున ఆరు దాటి నాలుగు నిమిషాలకి పైడమ్మ వేలు, గేటు లేచింది. ఆ తర్వాత ఎంత కిందికెళ్లినా దించిన గీత లేదు. పన్నెండుకి ఫైలు అయిపోయింది.

"మరి పన్నెండింటితో మీ రోజైపోయింది కదా, ఎందుకు దించలేదు?"

"పొద్దు పొడవందే రోజెలా మారుతాదమ్మా?"

హిమజ చెయ్యి ఆగిపోయింది. గెడ్డవలసలో తెల్లవారుజామున పుట్టిన బిడ్డది కూడా ముందురోజు వారమే. వంతూ అంతే, పొద్దునుంచి పొద్దుదాకా. అందరికీ తెలిసిన సంగతి గనక ఇంజినీరుకి ఎవరూ చెప్పలేదు. ఇంజినీరూ ఎవరినీ అడగలేదు.

పైడమ్మ అనుమానం ఇప్పుడు వేరే దారి పట్టింది. మిగతా ఫైళ్లూ తెరవమంది. గీతలన్నీ అక్కర్లేదు, ఒక్కోదాంట్లో మొదటి గీత చదివితే చాలంది. హిమజ చదివింది. పైడమ్మ వేళ్లు మడుస్తూ విన్నది. ఏడూ అయ్యాక లేచి నూకయ్య కోసం కబురంపింది.

పొద్దుండగానే అందరినీ పోగు చేశాడు నూకయ్య. దాలినాయుడు విసుక్కుంటూ వచ్చాడు.

"రేపనుకున్నాం గదా వదినా."

"రేపటికి ఈ సాక్షి బతికుండదు మరిదీ. కూకో."

హిమజ ఏడు గీతలూ పైకి చదివింది. శనివారం ఫైల్లో మొదటి వేలు దాలినాయుడిది. ఆదివారంలో శనివారపువాడిది. ఏ ఫైలు చూసినా తెల్లారేవరకూ ముందురోజువాడి వేలే. దాలినాయుడు తన బొటనవేలు తిప్పి చూసుకున్నాడు.

"వంతంటే తెల్లారేదాకా గదా," అన్నాడు చివరికి.

"నాదీ అదే వంతు మరిదీ."

దొంగనీటి మాట అక్కడితో పోయింది. పైడమ్మ పొలానికి వంతు మిగిలింది. హిమజ అందరి ఎదుటే పన్నెండు చెరిపి ఆరు చేసింది. ఒక్క వేలు కదిపింది, రోజు మారింది.

అంత తేలికా? ఆ మాట దాలినాయుడు పైకి అన్నాడు గాని, ఏడిళ్లవాళ్లకీ అదే అనుమానం పట్టుకుంది: రేపు ఇంకెవరైనా మళ్లీ కదిపితే?

మర్నాటినుంచి తెల్లవారేసరికి ఏడిళ్ల మనుషులూ జలసాక్షి ఉన్న గది ముందు నిలబడ్డారు, ఫైలు సరిగ్గా ఆరుకే మారుతోందా అని. గట్టుమీద కాపలా తప్పించడానికి తెచ్చిన యంత్రం అది. వారం తిరిగేసరికి నిద్రలు చాలక అందరూ నీరసించారు. నూకయ్యని మళ్లీ పిలిచి ఉద్యోగమిచ్చారు, జలసాక్షికి కాపలాగా. ఆయన గీతల పుస్తకం కొనుక్కుని, రోజూ ఆరింటికి జలసాక్షికి బొటనవేలు ఆనించి, ఒకే మాట రాసేవాడు: ఆరింటికి మార్చింది, నేను చూశాను.

గురువారం వచ్చిందంటే పైడమ్మ వచ్చి ఆ రాత వేలు పెట్టి కూడబలుక్కునేది. ఓనాడు చదివి, పుస్తకం మూసి, నూకయ్యని పరకాయించి చూసింది.

"మరి ఆరింటికి నువ్వు మెలకువగానే ఉన్నావని ఎవరు రాస్తార్రా?"

నూకయ్య బొటనవేలితో వెనకనున్న జలసాక్షిని చూపించాడు.

"అదే రాస్తాదప్పా."