తొలిచేయి

"చేతులు వెనక్కి పెట్టుకో మామా," అంది మహానందమ్మ.

కూలిన దీపస్తంభాన్ని దాటుతూ ముసలాయన ఆసరాకు దానిమీద చేయి వేయబోయాడు. విసుక్కుని, చేతులు వెనక్కి కట్టుకొని, నానా తంటాలూ పడి అవతలికి దిగాడు.

పొద్దుటి నుంచి ఆమెకు ఇదే పని. నల్లరేగడి కాలనీలో ఎవరి చేయీ దేనిమీదా పడకుండా చూసే చేతికాపరి ఆమె. పాడైన ఉమ్మడి వస్తువు మీద ఏ కాలనీ సంఘంవాళ్ల చేయి ముందు పడితే, ఆ సంఘానికే దాని భారమంతా శాశ్వతంగా అంటగడుతుంది తగవరి అనే తీర్పుల యంత్రం. బాగుచేయబోయారా, ఆసరాకు పట్టుకున్నారా అన్న తేడా దానికి లేదు. ఈ నియమం పెట్టిన పుణ్యాత్ములు దీంతో తగవులు తీరిపోతాయనుకున్నారు. తగవుల సంగతేమో గానీ, రెండు కాలనీల నడుమ కాలువ పూడిపోయింది, దీపాలు ఆరిపోయాయి. ఎవరూ దేన్నీ ముట్టుకోరు.

కాలువకు అవతల మౌలాలి కూర్చున్నాడు. అతను అటువైపు కాలనీ చేతికాపరి. ఇద్దరి మధ్యా పగ లేదు. ఒకే ఎండకు ఎండుతున్నవాళ్లు.

మధ్యాహ్నం కాకముందే సుడిగాలి లేచి నీడతెర మూల కొక్కేన్ని పెరికేసింది. రెండు కాలనీలనూ కప్పే తెర అది. ఒక మూల వెనక్కి ముడుచుకుపోయి, దాని తాడు కాలువ పక్క స్తంభం దగ్గర వేలాడింది. ఎండ నేరుగా శ్రీవాణి ఇంటిమీద పడింది. ఆమె పచ్చి బాలింత. ఇంట్లో చల్లదనపు యంత్రం కాసేపు మూలిగి ఆగిపోయింది. వాకిలి ముందంతా నిప్పులు చెరిగే ఎండ. పసిగుడ్డును ఎత్తుకొని బయటికి వచ్చే వీలు లేదు.

మహానందమ్మ చేతి కడియంలోంచి సంఘం అధ్యక్షుడు చక్రపాణి పలికాడు.

"తెర జోలికి పోవద్దమ్మా. చేయి వేస్తే మొత్తం మన నెత్తిన పడుతుంది. సాయంత్రానికి ఎండ తగ్గుతుందిలే."

"బాలింత ఉండాది సార్ ఆ ఇంట్లో."

"తెలుసు. ఏం చేద్దాం చెప్పు. తడిగుడ్డలు కప్పుకోమను."

ఆమె కాలువ అవతలికి చూసింది. "మౌలాలన్నా, మీవాళ్లను అడగరాదా?"

"అడిగినా చెల్లెమ్మా. మీ చేయి పడేదాకా కదలొద్దన్నారు. కదిలితే నా పని పోతాది."

బిడ్డ గట్టిగా ఏడ్చినంతసేపూ మహానందమ్మకు భయం వేయలేదు. ఆ ఏడుపు సన్నబడ్డాకే భయం వేసింది. ఆమె కడియం తీసి నేలమీద పెట్టింది. దాంతోబాటే చక్రపాణి గొంతూ ఆగిపోయింది. కడియమే సంఘం గుర్తు; అది లేనివాళ్లకు ఇంటి తలుపు తెరుచుకోదు, కొళాయి చుక్క రాల్చదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆమెది ధైర్యం కాదు. వద్దు, ముట్టుకోవద్దు అని చెప్పీ చెప్పీ వేసారిపోయింది, అంతే.

తాడు పట్టుకొని బలమంతా పెట్టి లాగింది. తెర కిరకిరలాడుతూ కదిలి శ్రీవాణి ఇంటిమీద నీడ పరిచింది.

స్తంభం మీంచి తగవరి పలికింది. "ఈ చేయి ఏ సంఘానిది?"

"ఏ సంఘానిదీ కాదు."

"రెండు సంఘాల్లో ఒకటి చెప్పండి."

మహానందమ్మ తాడును ఇంకాస్త బిగించి పట్టుకుంది. కాసేపాగి తగవరి మళ్లీ అదే అడిగింది. అది ఒక ప్రశ్నను రెండోసారి అడగగా ఇన్నేళ్లలో ఎవరూ వినలేదు. కాలువకు రెండు వైపులా జనం గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు.

కిటికీ తెరుచుకుంది. "అక్కా, పాలు తాగుతాండాడు," అంది శ్రీవాణి నీరసంగా.

కొక్కెం ఊడిపోవడంతో తాడు కట్టే చోటు లేదు; నున్నటి స్తంభానికి చుడితే జారిపోతుంది. పొద్దు వాలేదాకా పట్టుకొని నిలబడాల్సిందే.  తాడు మహానందమ్మ అరచేతిని కోస్తూ జారుతోంది. ఊరికే కూర్చుంటే చాలు, మౌలాలి పనీ పోదు, అతని సంఘం మీద ఏ భారమూ పడదు.

మౌలాలి లేచాడు. పూడిన కాలువలోకి దిగి, ఇవతలి గట్టెక్కి ఆమె పక్కకు వచ్చాడు. తన కడియం ఊడదీసి ఆమె భుజమ్మీది కొంగుకు ముడివేశాడు.

"ఇది నీ దగ్గరుంచు. తాడు ఇట్లియ్యి. పోయి ఆ బిడ్డను చూసి రా."

"ఈ చేయి ఏ సంఘానిది?" అంది తగవరి.

మౌలాలి తాడును మోచేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు.