నిండుగుందా?

నాంపల్లిలో చర్చి వెనక తాముండే గదికి ఇజ్రాయేల్ తన చేత్తోనే టైల్స్ పరిచాడు. కిరాయి ఇంటికి ఇంత సోకు దేనికని భార్య సుగుణమణి ఎన్నిసార్లు ఆటపట్టించిందో లెక్కలేదు. ఆబిడ్స్ దుకాణాల్లో పేరున్న మేస్త్రీయే గానీ, అతనికి చెవి కాస్త మందం. అందుకే సుత్తి పిడితో టైలు మీద కొట్టి, "నిండుగుందా?" అని ఆమెనే అడిగేవాడు. వంట చేసుకుంటూనే ఆమె ఆ చప్పుడు విని చెప్పేది. నిండుగుందంటే పక్క టైలుకు జరిగేవాడు. డొల్ల అంటే, కింద సిమెంటు అందలేదని పీకి మళ్లీ పరిచేవాడు.

ఇప్పుడతను యుద్ధం నడుస్తున్న ఓ పరాయి దేశంలో, బాంబులు పడ్డ సైనిక విమానాశ్రయంలో రన్‌వే బాగుచేస్తున్నాడు. గుంత పడగానే రాళ్లు నింపి, తొందరగా గట్టిపడే కాంక్రీటు పోస్తారట. క్రిస్మస్‌కు వచ్చేస్తానన్నాడు. ఆమెకు లోపల భయమే. అది బయటపడకుండా రోజూ ఫోన్లో అతనితో ఏదో ఒకటి దెబ్బలాడేది.

ఆ సాయంత్రం వాన. పొయ్యి మీద కుక్కరు కూత పెడుతుంటే ఫోను మోగింది. రోజూ వెనక మిషన్ల రొద ఉండేది, ఇవాళ ఏమీ లేదు. అతని గొంతు గుసగుసగా, మరీ దగ్గరగా వినిపించింది.

"సుగుణా, జర విను."

టక్... టక్...

"నిండుగుందా?"

కుక్కరు మళ్లీ కూసింది. ఆమెకు సరిగా వినపడనే లేదు. అలవాటు కొద్దీ, "నిండుగుంది, కానియ్యున్రి" అనేసింది.

ఫోను కట్టయింది.

తాలింపు పెడుతుండగా మళ్లీ అదే నంబరు. మాట్లాడింది మాత్రం భూపాల్, ఇజ్రాయేల్‌తో కలిసి పనికెళ్లిన కాచిగూడ మనిషి. పొద్దున మళ్లీ బాంబులు పడ్డాయనీ, ఇజ్రాయేల్ గుంతలో ఉండగానే అంచు కూలిందనీ, విమానాలు దిగాలని మధ్యాహ్నానికల్లా సైనికులు అతన్ని తీయకుండానే దానిమీద కాంక్రీటు పోసి పూడ్చేశారనీ ఏడుస్తూ చెప్పాడు.

"ఇప్పుడే మాట్లాడిండు గద," అంది సుగుణమణి.

"ఆయన ఫోను పొద్దటి నుంచి నా తాననే ఉంది వదినా."

"పగలగొట్టున్రి," అంది ఎలాగో.

"తుపాకులు పట్టుకొని నిలబడ్డరు. దగ్గరికి పోనిస్తలేరు."

నాంపల్లిలో కూర్చుని ఎవరి కాళ్లు పట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

టక్... టక్...

వంటగట్టు ముందరి టైలు. చప్పుడు కింద నుంచి వస్తోంది. పచ్చి సిమెంటు వాసన గుప్పుమంది. ఆమె వంగి చెవి ఆనించింది. ఇన్నేళ్లూ నిండుగా పలికిన టైలే. ఇప్పుడు డొల్ల.

"నిండుగుందా?"

"లేదు," అంది. "డొల్లగుంది."

చప్పుడు ఆగింది. అతనికి చెవి మందమని అప్పుడు గుర్తొచ్చింది. పెదవులు నేలకు ఆనించి అరిచింది. డొల్ల... పీకున్రి... డొల్ల...



తర్వాత చప్పుడు పక్క టైలుకు జరిగింది.