ఎడమపక్క కుర్చీ

మా ఊరి కనకలక్ష్మికి డాక్టర్లు వేసిన శిక్ష ఏమిటంటే, రెండు రోజులు వెల్లకిలా పడుకుని తల తిప్పకుండా ఉండాలి. ఇది విని ఊరంతా నవ్వింది. ఊరంటే ఎంత, మాదాపూర్ అద్దాల మేడల వెనక ఇరుక్కున్న నాలుగు గల్లీలు. అందులో ఎవరింటి ముందు ఆటో ఆగినా ముందు తిరిగేది కనకలక్ష్మి మెడే. పైగా ఆమెకో పట్టింపు. మనిషి వచ్చి పక్కన కూర్చుంటే మొహం చూసి మాట్లాడాలి, లేకపోతే పొమ్మన్నట్టే అనేది.

ఆమె ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. మిగిలిన కుడి కన్ను మసకబారితే, చనిపోయినవాళ్ళెవరో దానం చేసిన కంటిలోంచి ఉల్లిపొర కన్నా పలచటి లోపలి పొరను గుండ్రంగా కోసి తీసి నల్లగుడ్డు లోపలి వైపు అతికించారు. దాన్ని నొక్కి పట్టడానికి కంట్లో ఒక గాలి బుడగ. బుడగ పైకే తేలుతుంది కాబట్టి మనిషి పైకే చూస్తూ పడుకోవాలి. మూడో రోజు చూస్తే పొర ఎడమ అంచున ఊడి ఉంది.

"తల తిప్పినవా అమ్మా?" అని అడిగింది డాక్టర్ జ్యోత్స్న.

"అయ్యో, నేనెందుకు తిప్పుత బిడ్డా!"

అబద్ధం. తిప్పింది. వార్డులో ఎవరో ఆడమనిషి వచ్చి ఎడమపక్కన కూర్చుని, "కనకా, ఒక్కదానివే ఉన్నవా?" అంటే, అటు తిరిగి జవాబు చెప్పింది. కంటికి కట్టు ఉండడంతో ఎవరో కనబడలేదు. ఫ్రిజ్ తలుపు తీసినప్పుడు తగిలే చలి మాత్రం మొహానికి తగిలింది. సాయంత్రం దాకా ముచ్చట పెట్టుకున్నారు. తరువాత నర్సును అడిగితే, ఆ పక్క ఎవరూ లేరనీ, గోడకు ఒక కుర్చీ మాత్రం ఉందనీ చెప్పింది.

కనకలక్ష్మి ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆమె కడుపులో దాచుకున్న సంగతి జీవితం మొత్తం మీద ఇదొక్కటే.

కంట్లోకి మళ్ళీ గాలి ఎక్కించాలన్నారు. ఈసారి ఊడితే ఇక ఆ పొర పనికిరాదు, ఆ కన్ను కూడా చీకటే అని డాక్టర్ దాచకుండా చెప్పింది.

గాలి ఎక్కించే రోజు బంద్. 2013 సెప్టెంబరు. ఆమె భర్త వీరేశం "గంటల వస్త" అని చెప్పి, తను లేకపోతే తెలంగాణ ఆగిపోతుందన్నట్టు పోయి రోడ్డు మీద కూర్చున్నాడు. డాక్టర్ గల్లీలు దూరి స్కూటీ మీద వచ్చింది. టెక్నీషియన్ రవీందర్ బోరబండ నుంచి నడిచి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి ఆ నడక గురించే చెబుతున్నాడు, వినడానికి ఇద్దరే ఉన్నా సరే.

ఆపరేషన్ థియేటర్లో మైక్రోస్కోపుకు ఒక కొత్త స్కానర్ తగిలించారు. పని జరుగుతుండగానే అది కంటిని నిలువునా కోసినట్టు తెర మీద చూపిస్తుంది. పైన మందపు తెల్ల గీత, కింద సన్న గీత, మధ్యలో నల్లటి సందు. ఆ సందు మూసుకుంటే కన్ను దక్కినట్టు.

మొహం మీద గుడ్డ కప్పారు. కంటికి మత్తు. వినడం తప్ప కనకలక్ష్మికి వేరే పని లేదు.

"సందుల నీళ్ళున్నయి, తీస్తున్న. రవీందర్, తెర చూడు."

"దగ్గరపడుతుంది మేడం... అతుక్కుంది."

అప్పుడు గుడ్డ కింద చలి మొదలైంది. ఎడమ చెవి దగ్గర.

"కనకా..."

"మేడం, ఎడమ అంచు లేస్తుంది!"

"అమ్మా, కదిలినవా?"

"లేదు బిడ్డా... నేను కదలలే..."

డాక్టర్ ఇంకొంచెం గాలి పంపింది. తెర మీద సందు మెల్లగా మూసుకుంది. కంటికి కట్టు కట్టి, పక్క గదిలో పడుకోబెట్టారు.

"రెండు గంటలు ఎటూ తిరగొద్దు," అని చెప్పి డాక్టర్ కేసు కాగితాలు రాయడానికి పోయింది. రవీందర్ థియేటర్‌కు తాళం వేసి, బంద్ రోజున చాయ్ వెతుక్కుంటూ పోయాడు.

మిట్ట మధ్యాహ్నం. కనకలక్ష్మికి మాత్రం చీకటి. స్పిరిట్ వాసన. ఏసీ రొద. ఎక్కడో దూరంగా నినాదాలు, అవీ ఆగిపోయాయి. వేలమంది పనిచేసే మేడల మధ్య ఒక్క అడుగు చప్పుడు లేదు.

నేల మీద కుర్చీ జరిగింది.

చలి... చెంప మీద.

"ఇటు తిరుగు కనకా."

ఆమె దుప్పటి గట్టిగా పట్టుకుంది.

"నన్ను చూసేటోళ్ళు లేరు... మొన్న నువ్వొక్కదానివే ఇటు తిరిగినవ్."

పొద్దున్నుంచి ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు ఇంకెవరూ లేరు. తిన్నావా అని అడిగినవాళ్ళూ లేరు. మెడ దానంతట అదే కొంచెం కదలబోయింది. ఆపుకుంది. కట్టు మీద చల్లటి వేలు ఒకటి ఆనింది. అంచు వెంట మెల్లగా... గోరుతో వెతుకుతున్నట్టు...

"డాక్టరమ్మ తిరగొద్దన్నది," అంది కనకలక్ష్మి. ఊరకే పొమ్మనడానికి నోరు రాలేదు. "నయమైనంక తిరుగుత. ఒట్టు."

ఆ వేలు కట్టు మీంచి తొలగింది.

వారం తరువాత చూపించడానికి వచ్చారు. కనకలక్ష్మి కుడి కంటితో వీరేశం మొహం చూసి, "ఇంత ముసలోడివి ఎప్పుడైనవయ్యా?" అంది. పొర చుట్టూరా చక్కగా అతుక్కుంది. ఆ సంతోషంలో రవీందర్ బంద్ రోజు తీసిన స్కాన్లు తెరిచి చూపించాడు. ఆమె పేరు మీద రెండున్నాయి. రెండోదాని టైము ఒంటిగంట నలభై. అప్పుడు థియేటర్‌కు తాళం ఉంది. తాళంచెవి అతని జేబులో ఉంది.

"ఇది నీ కన్ను కాదమ్మా," అన్నాడు చిన్నగా. "దీనికి లోపలి పొరే లేదు. గుండ్రంగ కోసి తీసిండ్రు..."

"కొత్త మిషన్ గదా, ఏదో గడబిడ," అని డాక్టర్ ఆ బొమ్మ మూసేసింది. "నీకేం ఫికర్ లేదమ్మా. ఇగ ఎటైనా తిరగొచ్చు."

కనకలక్ష్మి నిటారుగా కూర్చుంది. ఎడమ చెంప చల్లబడుతోంది.

"డాక్టరమ్మా," అంది గొంతు తగ్గించి. "ఇంకొక్క వారం తిరగొద్దని చెప్పరాదూ... జర గట్టిగ చెప్పు. పక్కకు వినబడేటట్టు."

వీరేశం నవ్వాడు. డాక్టర్ కూడా నవ్వింది. రవీందర్ మాత్రం నవ్వలేదని మా ఊళ్ళో చెప్పుకుంటారు. కనకలక్ష్మి ఎడమపక్కనున్న కుర్చీ ఖాళీగానే ఉంది. దాని మెత్తటి సీటు మధ్యలో మాత్రం గుంత పడి ఉంది. రవీందర్ చూస్తుండగానే అది మెల్లగా పైకి లేచి సమానమైంది.