ఉడుము జాడ

"ఇది ఎప్పటి జాడ?" అని అడిగింది అన్మనారి అవ్వ.

ఎర్రటి ఎడారి ఇసుకలో ఉడుము నడిచిన గుర్తులు బాగా కనిపిస్తున్నాయి. నడుమ తోక ఈడ్చిన గీత, అటూ ఇటూ గోళ్ల ముద్రలు.

కైలీషా నడుం మీద చేతులు పెట్టుకుంది. పోయిన శనివారం ఉడుము బొరియ కనిపెట్టింది తనే. బడిలో టీచరు అందరిచేతా చప్పట్లు కొట్టించింది. అప్పటినుంచి కైలీషా కాళ్లు నేల మీద నిలవడం లేదు.

"ఇప్పటిదే అవ్వా! ఇందాకే వెళ్లింది."

నిజానికి అది ఇవాళ్టిదో, నిన్నటిదో తనకు తెలియదు.

పిన్ని కూతురు టిర్నా జాడ మీదకు వంగింది. దానికింకా పాలపళ్లు ఊడుతున్నాయి. "అక్కా, గీత మీద చీమలు నడిచాయి చూడు..."

"నువ్వు నోర్మూసుకో! మనం ఉడుము వేటకొచ్చామా, చీమల కోసం వచ్చామా?"

రోనెల్ పెద్దమ్మ గునపం భుజాన వేసుకుంది. "పదండి. మా కైలీషా చెప్పాక ఇంక తిరుగేముంది!"

అవ్వ మనవరాలి వైపు ఒకసారి చూసి, వెనకాలే నడిచింది.

ఒక ఇసుకదిబ్బ ఎక్కి దిగారు. ఇంకొకటి ఎక్కారు. వెనక వదిలి వచ్చిన టయోటా బండి అగ్గిపెట్టెంత అయిపోయింది. చివరికి జాడ ఒక బొరియ దగ్గర ఆగింది.

బొరియ నోటికి అడ్డంగా సాలెగూడు ఉంది.

పెద్దమ్మ పగలబడి నవ్వింది. "సాలీడు కాపురమే పెట్టేసింది! ఇంక ఇక్కడ ఉడుమెక్కడిదే?"

"ఆకలేస్తోంది" అంది టిర్నా.

అవ్వ చెట్టు నీడన కూలబడి మోకాలు నొక్కుకుంటోంది. కైలీషా మొహం చిన్నబోయింది. దగ్గరకెళ్లి కూర్చుని, ఆ మోకాలు తను పట్టసాగింది.

"అవ్వా, అది పాత జాడని నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అడిగావా? 'ఇప్పటిదే' అని ఠక్కున తేల్చేశావు!" అవ్వ కళ్లు నవ్వుతున్నాయి.

తిరిగి వస్తుంటే దారిలో ఇంకో జాడ కనిపించింది. అలవాటుగా అందరూ కైలీషా వైపే చూశారు. "ఇప్పటిదే" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"నాకు తెలీదు" అంది మెల్లగా.

ఎవరూ నవ్వలేదు. పెద్దమ్మ గునపం ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకుంది, అంతే.

కైలీషా చెల్లెలి వైపు తిరిగింది. "టిర్నా, ఇందాక చీమలని ఏదో అన్నావు కదా. నాకూ చూపించవే."

టిర్నా సంబరంగా ఇసుక మీద బోర్లా పడుకుంది. కైలీషా కూడా పక్కనే పడుకుంది. ఇసుక గడ్డానికి చురుక్కుమంది.

"ఇందాక తోక గీత మీదనుంచి చీమలు వెళ్లాయి. అంటే ఉడుము ముందెప్పుడో వెళ్లిపోయింది. ఇక్కడ చూడు, చీమల దారినే తోక చెరిపేసింది. అంటే ఉడుమే తర్వాత!"

"ఇవన్నీ నీకెవరు నేర్పారే?"

"అవ్వే. నేను రోజూ అడుగుతాను కదా!"

"జాడ అంచులు కూడా చూడండి. గాలికి ఇంకా అరగలేదు" అంటూ అవ్వ కూడా వంగింది.

అందరూ దాని వెంటే నడిచారు. జాడ ఎంతో దూరం పోలేదు. ఒక పొద కింద కొత్తగా తవ్విన బొరియ! పెద్దమ్మ గునపంతో తవ్వింది. అవ్వ భుజందాకా చెయ్యి పెట్టి, లావుపాటి ఉడుమును తోక పట్టి లాగింది.

సాయంత్రం ఇంటి ముందు నిప్పుల్లో ఉడుము కాలింది. వాసనకే తాత వచ్చి కూర్చున్నాడు.

"అబ్బో, ఎంత కొవ్వు పట్టిందో! ఎవరు కనిపెట్టారు? మా కైలీషాయేనా?"

"కాదు తాతా. టిర్నా!"

తాత అన్నిటికన్నా రుచైన తోక ముక్క తీసి టిర్నా చేతిలో పెట్టాడు. అది రెండు చేతులతో పట్టుకుని ఊదుకుంటూ తినసాగింది.

"మరి నువ్వేం చేశావే?" అన్నాడు తాత కైలీషాతో.

"నేనా? పక్కన పడుకుని నేర్చుకున్నాను" అంది కైలీషా, గడ్డానికి అంటిన ఎర్ర ఇసుక తుడుచుకుంటూ.