పరిగెత్తను, అరవను, తోయను

“ఆరు రోజులు. ఈ ఆరు రోజులూ నీ సొంత ఊరే నిన్ను అసహ్యించుకోవాలి. నీవల్ల అవుతుందా?” అని అడిగింది చీఫ్ అంపారో లుయెవానో.

ఏజెంట్ నికానోర్ ఓల్వెరా నవ్వాడు. మెక్సికో సిటీలో పుట్టాడు, ఒబ్రేరా పేటలో పెరిగాడు, పన్నెండేళ్లుగా నిఘా శాఖలో పనిచేస్తున్నాడు. తిట్లకు భయపడే రకం కాదు.

“నవ్వకు. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకొచ్చి, మన పేటల్లో అద్దెలు మూడింతలు చేసి, మన వంటల్లో కారం తగ్గించమనే జాతిలో నువ్వొకడివి ఇప్పుడు. పేరు మైక్. ఊరు టెక్సాస్. స్పానిష్ ఒక్క ముక్క రాదు. గుర్తుపెట్టుకో, ఒక్క ముక్క కూడా.”

మిషన్ సూటిగానే ఉంది. రేవుల్లో నిఘా కెమెరాల కోడ్‌లను ఒక పెద్ద అధికారి విదేశీ ముఠాకు అమ్మేశాడు. ఆ అప్పగింతను కళ్లారా చూసింది అతని గుమాస్తా, అరవై ఒక్కేళ్ల ఎవులాలియా బర్రగాన్. సెప్టెంబర్ పందొమ్మిది సాయంత్రం నాలుగింటికి ఆమె జడ్జి ముందు నిలబడి అతని పేరు చెప్పాలి. అప్పటిదాకా తొనాలా వీధిలో ఒక ఫ్లాట్‌లో దాచారు. ముఠాకు ఆ ఫ్లాట్ తెలిసిపోయింది. ఎదుటి మేడలో విదేశీ ల్యాప్‌టాప్‌గాళ్లు అద్దెకు బల్లలు తీసుకుని పనిచేసుకునే ఆఫీసు ఉంది. హంతకుడు అక్కడ చేరాడు. ఎవరో తెలియదు.

“ఆమెను వేరే చోటికి మార్చేయొచ్చుగా?”

“మూడు వారాల్లో నాలుగు ఇళ్లు మార్చాం. అయిదోది తన సమాధేనట, కాళ్లు జాపుకుని కూర్చుంది.”

అసలు ప్రమాదం ఆ రోజు మధ్యాహ్నం పన్నెండింటికి. ఏటా పందొమ్మిదిన ఊరంతా భూకంపం డ్రిల్ జరుగుతుంది. స్తంభాల మీది సైరన్లు మోగగానే జనమంతా వీధిలోకి రావాలి. ఎవులాలియాను మాత్రం లోపలే ఉంచుదామంటే కుదరదు. పందొమ్మిది వందల ఎనభై అయిదులో ఇదే తారీఖున వచ్చిన భూకంపంలో ముప్పై గంటలు శిథిలాల కింద ఉండి బతికిన మనిషామె. సైరన్ వింటే తలుపుకి తాళమేసినా విరగ్గొట్టుకుని బయటికొస్తుంది. దాక్కున్న మనిషి ఏ నిమిషానికి, ఏ చోట నిలబడుతుందో ముందే తెలిస్తే హంతకుడికి ఇంకేం కావాలి?

మర్నాటి నుంచి నికానోర్ మైక్ అయ్యాడు. టోపీ, పొట్టి లాగు, మెడలో హెడ్‌ఫోన్లు. ఎదురుగా గోడ మీద ఎర్ర రంగుతో ఎవరో రాశారు: ‘తెల్ల గ్రింగో, ఇంటికి పో. మా ఇంటికి కాదు, మీ ఇంటికి.’ పై వాటా పెద్దాయన రోజూ సరిగ్గా అతను కింద నడిచే సమయానికే పూలకుండీలకు నీళ్లు పోసేవాడు. కుండీల్లో పూలే లేవు.

జ్యూస్ బండి ఎర్లిందా మరీ ఘోరం. అతని మొహం చూసి నవ్వుతూనే పక్కవాళ్లతో స్పానిష్‌లో చెప్పేది. “వీడికి నిన్నటి నారింజలు చాలమ్మా. రుచి తెలిసే మొహమేనా అది? ఉడకబెట్టిన కోడిలా ఉన్నాడు.” అందరూ ఫక్కుమనేవాళ్లు. నికానోర్ పుల్లటి రసం తాగి, నాలుక వంకర తిప్పి, “గ్రాసియాస్” అని థాంక్స్ చెప్పేవాడు. తన నాన్నకు కూడా ఒబ్రేరాలో ఇలాంటి బండి ఉండేదని గొంతుదాకా వచ్చేది. మింగేసేవాడు.

రెండో అంతస్తులో ఆఫీసు. తొమ్మిదిమంది. అందరి చెవులూ మూసే ఉంటాయి, అందరి గడియారాలూ వేరే దేశానివి. కిటికీ పక్క బల్ల సాస్కియాది. రోటర్‌డామ్ నుంచి మూడు వారాల కిందట దిగిన డచ్ డిజైనర్. పసుపుపచ్చ జుట్టు, దాన్ని ముడిగా పట్టి ఉంచే ఆకుపచ్చ రాతి పిన్ను. ఆమె వైపు చూడకుండా ఎవరూ కాఫీకి లేవరు.

మొదటి రోజే ఆమె వెనక్కి వాలి, “ఈ వైఫై పావురం లాంటిది” అంది ఇంగ్లీషులో.

గుర్తింపు కోడ్ అది. “వాలుతుంది, నిలవదు” అన్నాడు నికానోర్.

ముఠాలో ఉంటూ నిఘా శాఖకు సమాచారం చేరవేసే డబుల్ ఏజెంట్ ఆమే. డ్రిల్ టైమ్‌కి దాడి అన్న కబురు కూడా ఆమె ఇచ్చిందే. హంతకుడు అదే ఆఫీసులో కూర్చునే కెనడావాడు డ్వేన్ అని చెప్పింది. కెమెరా పెట్టుకునే మూడు కాళ్ల స్టాండు ఒకటి వాడి దగ్గర ఎప్పుడూ ఉంటుంది, దాని ఒక కాలు విప్పితే రైఫిల్ గొట్టమట. మాట తీరు చూసి నికానోర్ నమ్మాడు. చీఫ్ కూడా నమ్మింది. ఇద్దరు మనుషుల్ని పందొమ్మిదిన డ్వేన్ మీదికి ఉరకడానికి సిద్ధం చేసింది.

“నీకు భయంగా లేదా, ఆ డ్రిల్ అదీ?” అని ఒకసారి అడిగాడు.

“సైరన్ ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు. మా ఊళ్లో భూమి కదలదు” అని నవ్విందామె.

పందొమ్మిది ఉదయం. పక్క వీధి బడి పిల్లలు డ్రిల్ కోసం వరసకట్టి ప్రాక్టీసు చేస్తున్నారు. ఈ దేశంలో ప్రతి బడిలో నేర్పే పాఠమే: పరిగెత్తను, అరవను, తోయను. చేతిలో ఏముంటే అది అక్కడే వదిలేయాలి, గోడ వారగా దిగాలి. కిటికీలోంచి ఆ పాఠం వినిపిస్తుంటే నికానోర్ బ్యాగులో పిస్టల్ తడిమి చూసుకున్నాడు. ఇంకా టైముంది.

పదకొండూ నలభై ఒకటికి సైరన్ మోగింది.

డ్రిల్ కాదు. డ్రిల్‌కి ఇంకా పందొమ్మిది నిమిషాలున్నాయి. ఇది నిజం, కొన్ని క్షణాల్లో భూమి కదలబోతోంది.

ఆ ఆలోచన బుర్రలోకి వచ్చేసరికి అతను మెట్ల మీదున్నాడు. ఎలా లేచాడో తెలియదు. చేతులు ఖాళీ. పిస్టల్, ఫోన్, బ్యాగు, అన్నీ బల్ల మీదే ఉన్నాయి. పైన డ్వేన్ ఇంకా మీటింగ్‌లోనే ఉన్నాడు. ఆ చప్పుడు ఎవరైనా కాస్త ఆపండని విసుక్కోవడం మెట్ల మీదికి వినిపించింది. ఆఫీసులోంచి బయటికొచ్చింది ఇద్దరే. నికానోర్, అతనికన్నా నాలుగు మెట్లు ముందు సాస్కియా.

ఆమె గోడ వారగా దిగుతోంది. కుడిచేత్తో గోడను తాకుతూ, గబగబా, కానీ పరుగు కాదు. ఆమె చేతులూ ఖాళీయే. పెదవులు కదులుతున్నాయి. ‘పరిగెత్తను, అరవను…’

మలుపులో తలతిప్పి చూసింది. అతని పెదవులూ అవే మాటలు పలుకుతున్నాయి.

ఒక్క క్షణం ఇద్దరూ ఆగిపోయారు. రోటర్‌డామ్ అబద్ధం. టెక్సాస్ అబద్ధం. రోటర్‌డామ్ అబద్ధమైతే డ్వేన్ కూడా అబద్ధమే. ఆయుధం పెట్టుకుని కూర్చున్నది ఈమే, దాన్ని పైన మర్చిపోయి వచ్చిందీ ఈమే. సాస్కియా చెయ్యి మెల్లగా జుట్టులోకి వెళ్లింది. ఆయుధమంటూ ఇక ఆ ఆకుపచ్చ పిన్నే మిగిలింది. ఆమె వీధిలోకి జారుకుంది.

చీఫ్ పెట్టిన ఇద్దరు మనుషులూ డ్వేన్ కోసం అప్పుడే పైకి ఉరికారు. కింద నికానోర్ ఒక్కడే.

వీధి నిండా జనం. ఇంటి బట్టల్లో ఉన్నవాళ్లు, తల్లులు, కుక్కలు. భూకంపమొస్తే ఇక్కడ నిలబడండని నేల మీద ఆకుపచ్చ వృత్తం గీసిన చోట, స్లిప్పర్లతో, కళ్లు గట్టిగా మూసుకుని ఎవులాలియా నిలబడి ఉంది. భూమి కదిలింది. తీగలు ఊగాయి, కిటికీలు గలగలమన్నాయి. జనం ఎప్పుడూ చేసేదే చేశారు. పక్కనున్నది ఎవరైనా సరే, పట్టుకున్నారు. ఈ ఊళ్లో అలాంటి క్షణంలో ఎవరూ ఎవరినీ కాదనరు.

సాస్కియా సరిగ్గా అదే వాడుకుంది. కన్నీళ్లతో చేతులు చాపి నడుస్తోంది. వేళ్ల మధ్య పిన్ను మొన. అచ్చమైన ఈ ఊరి స్పానిష్‌లో, “అమ్మా, నన్ను పట్టుకో, భయంగా ఉంది” అంది.

కళ్లు తెరవకుండానే ఎవులాలియా చేతులు చాపింది.

పన్నెండడుగుల దూరం. మధ్యలో గుంపు. నికానోర్ ముప్పై ఏళ్లుగా తప్పని మూడు నియమాలనూ ఒకేసారి తప్పాడు. పరిగెత్తాడు. ఎర్లిందాను పక్కకి తోశాడు. మెక్సికో సిటీ స్పానిష్‌లో గొంతు చించుకుని అరిచాడు.

“ఎవులాలియమ్మా, వెనక్కి జరుగు!”

ఆమె ఒక్క అడుగు వెనక్కి వేసింది. పిన్ను మొన స్వెటర్ దారం ఒకటి తెంపుకుని పోయింది, అంతే. వెనకనుంచి నికానోర్ సాస్కియాను రెండు చేతులా చుట్టేసి, మణికట్టు వెనక్కి విరిచి, బిగించి పట్టుకున్నాడు. చుట్టుపక్కల వందమంది అలాగే ఒకరినొకరు పట్టుకుని ఉన్నారు. ఎవరికీ తేడా కనబడలేదు. భూమి ఊగుతున్నంతసేపూ ఇద్దరూ ప్రేమికుల్లా నిలబడ్డారు.

“ఏ బడి నీది?” అంది పళ్ల మధ్య నుంచి.

“ఒబ్రేరా. నీది?”

“నార్వార్తె. ఛీ. విదేశాల్లో పదేళ్లు ట్రైనింగ్. రెండో క్లాసు టీచరమ్మ పాఠం అదంతా పోగొట్టేసింది.” పిన్ను నేలరాలింది.

ఊపు తగ్గింది. గోడలు నిలబడ్డాయి. చీఫ్ మనుషులు డ్వేన్‌ను వదిలేసి, కిందికొచ్చి, సాస్కియాకు సంకెళ్లు వేసి కారులో కూర్చోబెట్టారు. ఎవులాలియా తెగిన స్వెటర్ దారం వేలికి చుట్టుకుంటూ, నాలుగింటికి తనే నడుచుకుంటూ కోర్టుకి వెళ్తానంది, ఎవరి చెయ్యీ అక్కర్లేదంది.

సరిగ్గా పన్నెండింటికి సైరన్ మళ్లీ మోగింది. డ్రిల్ అని కాగితం మీద ఉంది మరి, ఎవరూ రద్దు చేయలేదు. వీధి మొత్తం బూతులు తిడుతూ మళ్లీ వరసకట్టింది. కారులో సంకెళ్లతో ఉన్న సాస్కియా తలుపు వైపు జరిగి, సిగ్గుపడి ఆగిపోయింది.

ఎర్లిందా నడుం మీద చెయ్యేసుకుని నికానోర్ ఎదుటికొచ్చింది. “స్పానిష్ వచ్చా నీకు? అయితే ఆరు రోజులూ నేనన్నదంతా…”

“విన్నానమ్మా. ఉడకబెట్టిన కోడి దాకా.”

ఆమె బండి దగ్గరికెళ్లి, మంచి నారింజల బుట్టలో చెయ్యి పెట్టింది. ఏదో గుర్తొచ్చి ఆగి, మోచెయ్యి రుద్దుకుని, నిన్నటి బుట్ట లాక్కుంది.

“మన పిల్లాడివే, కాదన్లేదు. కానీ నన్ను తోశావు.”