రాయని సంవత్సరం

"పలక పోయింది మేడం! రేపు పదింటికి అధికారితో టెర్మిన్, అపాయింట్‌మెంట్ ఉంది. అది లేకపోతే బిల్డింగ్ పడగొట్టేస్తారు!"

జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ప్రైవేట్ డిటెక్టివ్ గౌహర్ ఆఫీసులోకి వైశాలి ఏడుస్తూనే వచ్చింది. 1891లో కట్టిన వ్యాపార భవనంలో కింద ఆమె కిరాణా కొట్టు, పైన కాపురం. కొట్టు పెట్టిన భర్త విశ్వతేజ నిరుడు గుండెపోటుతో పోయాడు. అక్కడ దుకాణం నడిపిన ప్రతివాళ్ల పేరూ, మొదలైన ఏడూ, ముగిసిన ఏడూ గుమ్మంలోని చెక్కపలక మీద రాయడం ఆనవాయితీ. భవనం చరిత్రకు అదొక్కటే సాక్ష్యం. దాన్ని చూసి రక్షిత కట్టడంగా గుర్తించడానికే రేపు అధికారి వస్తున్నాడు.

"ఇంకెవరు మేడం, యజమాని క్రామరే! అపార్ట్‌మెంట్లు కట్టాలని చూస్తున్నాడుగా," అన్నాడు అసిస్టెంట్ శ్రీచరణ్. అతనికి గౌహర్ అంటే ఎంత గురో, తీర్పు చెప్పడానికి అంత తొందర.

కొట్లో పలక ఊడదీసిన నాలుగు స్క్రూలూ ఒక గిన్నెలో భద్రంగా ఉన్నాయి. మూల స్టూలు మీద తెనాలి నుంచి వచ్చిన మామగారు వీరాంజనేయులు పప్పులో రాళ్లు ఏరుతున్నాడు. తల ఎత్తలేదు.

"ఇంకేమన్నా పోయిందా?" అని వైశాలిని అడిగింది గౌహర్.

"పెయింటర్ నిన్న వదిలెళ్లిన కుంచె. పలక మీద వివరాలు పూర్తిగా ఉండాలని ఆఫీసువాళ్లు అన్నారని, తేజ పేరు పక్కన ముగిసిన ఏడు రాయమన్నాను. ఇవాళ వచ్చి రాస్తానని చాక్‌పీసుతో గుర్తు పెట్టి వెళ్లాడు."

సాయంత్రం గౌహర్ క్రామర్‌నీ పెయింటర్‌నీ పిలిపించి, ఇంటివాళ్లతో పాటు కూర్చోబెట్టింది.

"పలకను మాయం చేసేటోడు స్క్రూలు దాచిపెట్టడు. మళ్ల బిగించాలనుకున్నోడే దాస్తడు. మరి కుంచె ఎందుకు? పలక పోవాలని కాదు, దాని మీద రాత పడొద్దని." గొంతు తగ్గించింది. "అంకుల్, మీరే కదా?"

పెద్దాయన చేతిలోని పప్పు జారిపోయింది.

"అందరికీ రెండేసి ఏళ్లు రాసుంది తల్లీ. మావాడికి ఒకటే. రెండోది రాయకపోతే వాడింకా..." జారిన పప్పు ఏరడానికి వంగాడు. "బిల్డింగ్ పోద్దని నాకు తెలీదమ్మా," అన్నాడు.

"మీరు బెంగపడతారని నేనే చెప్పలేదు మామయ్యా," అంది వైశాలి.

శ్రీచరణ్ సిగ్గుపడి క్రామర్ వైపు చూడలేకపోయాడు.

కొడుకు చలికోటులో చుట్టిన పలకనూ కుంచెనూ పెద్దాయన పైనుంచి తెచ్చాడు. పెయింటర్ చెయ్యి చాపితే కుంచె ఇవ్వలేదు.

"వాడికి అక్షరాలు దిద్దించింది నేనే. ఇదీ నేనే రాస్తా."

నాలుగు అంకెలకు చాలాసేపు పట్టింది. చివరిది వంకరపోయింది. పెయింటర్ సరిదిద్దబోతే వైశాలి వద్దంది.

మర్నాడు అధికారి వేలితో పేర్లన్నీ చదువుకుంటూ వచ్చి, ఆ వంకర అంకె దగ్గర ఆగి, కాగితం మీద సంతకం చేశాడు. భవనం నిలిచింది. వీరాంజనేయులు ఆ రోజు కిందికి దిగలేదు.