తాత గొంతు కోసం కొన్న కెమెరా

"ఒలే గుంటా, ముందు రెండింట్లోనూ మాట ఎలా ఇనిపిస్తాదో సూడు," అన్నాడు తాత.

చిన్నారావు దుకాణంలో గాజుబల్ల మీద రెండు వీడియో కెమెరాలున్నాయి. రెండింటి ధరా ఇంచుమించు ఒకటే, ఎనిమిది వేలు. శనివారం మధ్యాహ్నం కావడంతో ఖరగ్‌పూర్ గోల్‌బజార్ నిండా ఆటోల హారన్లు, చేపల బేరాలు. పక్కనున్న మనిషి మాట కూడా వినబడదు.

అయినా ఆమనికి తాత మాట వినబడింది. కానీ వినిపించుకోలేదు. పదకొండేళ్ల ఆమని కళ్లు వెండి రంగు కెమెరా మీదే ఉన్నాయి.

"ఇది ఫోర్-కే, తల్లీ. జూము పద్దెనిమిది రెట్లు," అన్నాడు చిన్నారావు. "ఆ నల్లదానికి బొమ్మ ఇంత బాగోదు. కానీ మాట సుబ్బరంగా పడతాది. మైకు పెట్టుకోడానికి బెజ్జం కూడా ఉంది. తవిటయ్య మావ కతల కోసమైతే నల్లదే తీసుకోండి," అన్నాడు తాతను చూపిస్తూ.

"బొమ్మ బాగోపోతే ఎవరు సూస్తారు, మావయ్యా?" అంది ఆమని.

క్లాసులో ప్రశాంతికి యూట్యూబ్‌లో ఛానల్ ఉంది. మూడు వందల మంది చూస్తారట. ఆమనికీ ఒక ఛానల్ పెట్టాలని ఉంది. మొహమాటం ఎందుకు, ఉన్నమాట చెప్పేస్తాను. కొంటున్నది తాత కోసమే అయినా, ఆమని తనకోసమే ఎంచుకుంది.

తాత గొంతులో గడ్డ ఉంది. సోమవారం కలకత్తాలో ఆపరేషన్. గొంతులో మాట పుట్టే పెట్టెనే తీసేస్తారు. ఆ తరవాత తాత ఇక మాట్లాడలేడు. డాక్టరు ఈ సంగతి ఇంట్లో అందరికీ రెండుసార్లు చెప్పాడు. అయినా ఎవరికీ నమ్మబుద్ధి కాలేదు.

నాన్న ఫోన్లో కెమెరా పగిలిపోయింది. అమ్మ ఫోను నిండిపోయి మాటిమాటికీ ఆగిపోతుంది. అందుకే తాతే తన పెన్షన్ డబ్బు తీశాడు. "నా కతలు అందులో దాసీయండి. ఆదిగాడికి ఉంటాయి," అన్నాడు. ఆదిగాడంటే ఆమని తమ్ముడు ఆదర్శ్. వాడికి ఐదేళ్లు. తాత కథ చెప్పకపోతే ముద్ద మింగడు.

తాత వెండి కెమెరాను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. రైల్వేలో ముప్పై ఎనిమిదేళ్లు ఆయన పని ఒకటే. ఆగిన రైలు పక్కన నడుస్తూ, ప్రతి చక్రాన్నీ సుత్తితో కొట్టి చూడాలి. ఖంగుమంటే మంచి చక్రం. బొంగురుగా పలికితే ఎక్కడో పగులున్నట్టు.

"పైకి నున్నగానే ఉంటాది గుంటా. ఇంటేగానీ తెలీదు," అన్నాడు బొంగురు గొంతుతో.

"ఇది చక్రం కాదు తాతా, కెమెరా!" ఆమని నవ్వింది. "ఇదే కొందాం. ప్లీజ్!"

తాత మనవరాలి మొహం చూసి డబ్బు తీసి ఇచ్చేశాడు.

మర్నాడు ఆదివారం. రైల్వే క్వార్టరు వరండాలో తాత ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఉక్కపోతకు అమ్మ టేబుల్ ఫ్యాన్ పెట్టింది. గోడ అవతల యార్డులో వ్యాగన్లను అటూ ఇటూ లాగుతున్నారు.

ఆమని కెమెరా పట్టుకుని వీధి గేటు దాకా వెళ్లిపోయింది. మరి పద్దెనిమిది రెట్ల జూము కదా! అంత దూరం నుంచి బటన్ నొక్కితే తాత మొహం స్క్రీన్ నిండా వచ్చింది. కనుబొమల్లో తెల్ల వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు.

జూము బొమ్మను దగ్గరికి తెస్తుంది. మాటను తేదు. ఈ ముక్క ఆమనికి తెలియదు.

తాత తను ఖరగ్‌పూర్ వచ్చిన కథ మొదలుపెట్టాడు. అప్పుడాయనకు తొమ్మిదేళ్లు. సోంపేట నుంచి ఒక్కడే రైలెక్కి వచ్చాడు. మావ స్టేషన్లో ఉంటానన్నాడు. దిగి చూస్తే ప్లాట్‌ఫారానికి ఈ చివరేదో ఆ చివరేదో తెలియదు. మావా, మావా అని పిలుస్తూ నడిచాడు, నడిచాడు.

"గట్టిగా సెప్పు తాతా!" గేటు దగ్గర నుంచి అరిచింది ఆమని.

తాత గట్టిగా చెప్పబోయాడు. దగ్గు తెర వచ్చింది. గొంతు పట్టుకుని కాసేపు ఆగి, మళ్లీ మొదటి నుంచి చెప్పాడు.

"ఒకసారి ఏసి సూడమ్మా, మాట పడిందో నేదో," అన్నాడు నాన్న.

"ఇప్పుడొద్దు నాన్నా, బ్యాటరీ అయిపోతాది," అంది ఆమని. "తొందరగా కానీయ్ తాతా!"

మావ కనబడే చోటుకు కథ రాకముందే ఆమని ఆపేసింది. "సాలు తాతా. మావ దొరికినాడు గదా, అది అందరికీ తెలిసిందే."

తాత నోరు తెరిచాడు. ఏదో చెప్పబోయి మానేశాడు.

మూడు వారాలకు తాత ఇంటికి వచ్చాడు. మెడకు తెల్లటి గుడ్డ ఉంది. ఆ గుడ్డ వెనక చిన్న రంధ్రం. తాత అందులోంచే ఊపిరి తీస్తున్నాడు. మనిషి సగమైపోయాడు. ఆదర్శ్ భయపడి అమ్మ కొంగు వెనక దాక్కున్నాడు.

"రారా ఆదీ, తాత కత సెప్తాడు!" ఆమని హుషారుగా కెమెరాను టీవీకి తగిలించింది.

టీవీ నిండా తాత మొహం. ఎంత బాగుందో! ఆదర్శ్ కొంగు వదిలి ముందుకొచ్చాడు.

ఫ్యాన్ హోరు వినిపించింది. వీధిలో సైకిల్ బెల్లు వినిపించింది. యార్డులో వ్యాగన్లు ఢామ్మని గుద్దుకున్నాయి. తాత పెదాలు కదులుతున్నాయి, మాట మాత్రం లేదు. ఆ హోరు మీద ఒక గొంతు ఖంగున వినబడింది. "గట్టిగా సెప్పు తాతా!"

అది ఆమని గొంతు.

"అక్కా, తాత ఏటంటన్నాడు?" అన్నాడు ఆదర్శ్.

ఆమని సౌండు పెంచింది. ఫ్యాన్ ఇంకా హోరెత్తింది. "తొందరగా కానీయ్ తాతా!" అని మళ్లీ ఆమని గొంతే అరిచింది. నాన్న లేచి టీవీ కట్టేశాడు. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమనికి అనిపించింది.

మర్నాడు నాన్న, ఆమని దుకాణానికి వెళ్లారు. చిన్నారావు వీడియోను కంప్యూటర్లో పెట్టి గంటసేపు తంటాలు పడ్డాడు. "హోరు తగ్గిస్తే తవిటయ్య మావ మాట కూడా పోతంది బావా," అన్నాడు.

అమ్మ తన ఫోనంతా వెతికింది. తాత గొంతు ఒకే ఒక్క వాయిస్ మెసేజ్‌లో దొరికింది. "పరమేశ్వరీ, పాల పేకెట్లు రెండా, మూడా?" అని అమ్మను అడుగుతున్నాడు, అంతే. ఆ ఒక్క ముక్కా అమ్మ నాలుగుసార్లు విని, వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆమని పెరట్లోకి వెళ్లి, నీళ్ల పంపు తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

ఆదర్శ్ సరిగ్గా తినడం మానేశాడు. తాత గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు. ఇంట్లో అందరూ మెల్లగా మాట్లాడుకుంటున్నారు. ఆమని కెమెరాను అట్టపెట్టెలో పెట్టి బీరువా కిందికి తోసేసింది. అయినా మనసు మీంచి దాని బరువు దిగలేదు.

నాలుగో రోజు సాయంత్రం ఆమని తాత మంచం దగ్గరికి వెళ్లింది.

"తాతా, నువ్వు ఇనమన్నావు. నేను ఇన్లేదు. నీకు నొప్పెడుతున్నా అరిపించినాను," అంది.

తాత ఇటు తిరిగాడు. ఆమని చెయ్యి పట్టుకున్నాడు. పెదాలు కదిలించాడు. ఆమనికి అర్థం కాలేదు. గబుక్కున లేచి పుస్తకం, పెన్ను తేబోయింది. మళ్లీ ఏమనుకుందో, ఆగిపోయి, మంచం పక్కన నేల మీద కూర్చుంది. తాత మొహం సరిగ్గా కనబడేలా దగ్గరికి జరిగింది.

"మళ్లీ సెప్పు తాతా."

తాత చెప్పాడు.

"మా... మావా?"

తాత తల ఊపాడు. ఇంకో మాట. ఆమని తప్పు చెప్పింది. మళ్లీ తప్పే చెప్పింది. తాత విసుక్కోలేదు. ఐదోసారికి అర్థమైంది.

"మావ బెంచీ మీద కూర్సున్నాడా? కూర్సుని... నవ్వుతున్నాడా?"

కాదని తాత తల అడ్డంగా ఊపాడు. వేలితో కంటి కింద గీత గీశాడు.

"ఏడస్తన్నాడా!" ఆమని తెల్లబోయింది. "నువ్వు తప్పిపోయినావని మావ ఏడిసినాడా?"

తాత తల ఊపాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అరవై ఏళ్ల కిందటి ఆ ముక్క ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. చెప్పేదాకా ఎవరూ ఆగలేదు.

గుమ్మం దగ్గర ఆదర్శ్ నిలబడి ఉన్నాడు. చేతిలో కంచం. ఎప్పుడొచ్చాడో తెలియదు.

"మావ పెద్దోడు గదా, ఎందుకు ఏడిసినాడు?" అని అడిగాడు.

ఆమనికి తోచిన జవాబు ఉంది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ చెప్పలేదు. తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, టేబుల్ ఫ్యాన్ ఆపేసి, తాత వైపు చూసింది.

"నువ్వే సెప్పు తాతా. మెల్లగా సెప్పు. మేం ఇక్కడే ఉంటాం."

తాత పెదాలు కదిలాయి. ఆమని ఒక్కో మాటనూ కూడబలుక్కుంటూ తమ్ముడికి పైకి చెప్పసాగింది. ఆదర్శ్ అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, అక్క వైపు కాకుండా తాత వైపే చూస్తూ వింటున్నాడు.